ఖాళీ కుర్చీ

వార్షిక సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు వచ్చి అడిగారు. "పూర్వ విద్యార్థి కదా, హాస్టలు జ్ఞాపకాలు రాయండి సార్, అందరూ చదువుతారు" అన్నారు. సరేనన్నాను. తీరా కలం పట్టుకుని కూర్చుంటే క్యాంటీను కబుర్లు గాని, సంఘం ఎన్నికల గోల గాని ఏదీ ముందుకు రాలేదు. ఆ రోజుల్లో నేనొక మిత్రుడితో అన్న రెండు ముక్కల వాక్యం మాత్రం వచ్చి ఎదురుగా నిలబడింది. "మేమంతా బాధపడుతున్నాం" అన్నదే ఆ వాక్యం. అది అబద్ధమని తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. ఆ కథే ఈ వ్యాసం.

2006 డిసెంబరు 30, శనివారం. బక్రీదుకు ఊరెళ్ళడానికి సంచి సర్దుకుంటున్నాను. మన దగ్గర బక్రీదు జనవరి 1న. అరబ్బు దేశాల్లో మాత్రం ఆ శనివారమే పండుగ. హాజీలు మీనా మైదానంలో వున్నారు. హాస్టలు టీవీ గదిలోంచి ఎవరో కేకేశారు. పరుగెత్తుకెళ్ళి చూస్తే, ఇరాక్ మాజీ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్‌ను తెల్లవారుజామున బాగ్దాదులో ఉరితీశారన్న వార్త. మెడకు తాడు తగిలిస్తున్న దృశ్యం. ముసుగులు వేసుకున్న తలారుల మధ్య, ముసుగు వద్దన్న 69 ఏళ్ళ మనిషి. గది అంతా నిశ్శబ్దం. అప్పుడే నా పక్కనున్న మిత్రుడు, మంచివాడు, ఏ దురుద్దేశమూ లేనివాడు, నా వైపు తిరిగి అడిగాడు: "ఏమిట్రా, మీవాళ్ళు దీన్ని గురించి ఏమనుకుంటున్నారు?"

మీవాళ్ళు! ఆ మాటకు నేను ఉలిక్కిపడలేదు. పైగా ఒక రకమైన గౌరవంగా అనిపించింది. ప్రపంచంలోని వంద కోట్ల పైచిలుకు ముస్లింల తరఫున ప్రతినిధిగా నిలబడి జవాబిచ్చాను. "మేమంతా బాధపడుతున్నాం."

బాధపడటానికి కారణాలు లేకపోలేదు. 2003 మార్చిలో అమెరికా ఇరాక్‌ మీద దండెత్తింది. సామూహిక వినాశక ఆయుధాలున్నాయన్నారు, ఎంత వెదికినా దొరకలేదు. 2004లో అబూ గ్రేబ్ జైలు ఫోటోలు బయటికొచ్చాయి. మనుషుల్ని నగ్నంగా కుప్పలు పోసి పక్కన నవ్వుతూ నిలబడ్డ సైనికుల్ని ఎవరు మరిచిపోగలరు? సద్దాంను చివరి ఘడియ దాకా అదుపులో వుంచుకున్నదీ అమెరికా సైన్యమే. ఇదే అమెరికా 1983 డిసెంబరులో డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్‌ను బాగ్దాదుకు పంపి ఇదే సద్దాంతో కరచాలనం చేయించింది. ఇరాన్ మీద యుద్ధం చేస్తున్నంత కాలం అతను పనికొచ్చే మనిషి. పని తీరాక నేరస్థుడు. ఈ ద్వంద్వనీతి చూసి నా వయసు కుర్రాడికి రక్తం ఉడకడంలో వింతేముంది?

పైగా విచారణ కూడా నిలకడగా సాగలేదు. డిఫెన్సు లాయర్లు ముగ్గురు హత్యకు గురయ్యారు. మొదటి ప్రధాన న్యాయమూర్తి రిజ్గార్ అమీన్, నిందితుడి పట్ల మెతకగా వున్నాడన్న విమర్శల మధ్య, 2006 జనవరిలో తప్పుకున్నాడు. నవంబరు 5న మరణశిక్ష పడింది. డిసెంబరు 26న అప్పీలు కొట్టేశారు. నాలుగు రోజులు తిరక్కుండానే ఉరి. పండుగ రోజుల్లో మరణశిక్ష అమలు చేయరాదని ఇరాక్ చట్టమే చెబుతున్నది. షియాలకు పండుగ మర్నాడు కదా అన్నారు అధికారులు. కాని ఉరికంబం ఎక్కినవాడు సున్నీ. అతని పండుగ ఆ ఉదయమే.

తరవాత సెల్‌ఫోన్‌తో దొంగచాటుగా తీసిన రెండో చిత్రం బయటికొచ్చింది. ప్రభుత్వం చూపిన చిత్రంలో శబ్దం లేదు, దీన్లో వుంది. ఉరికంబం కింద నిలబడ్డవాళ్ళు "ముఖ్తదా, ముఖ్తదా" అని ఒక షియా నాయకుడి పేరు అరుస్తున్నారు. "నరకానికి పో" అంటున్నారు. వాళ్ళలోనే ఒకడు, మనిషి చావబోతున్నాడు, దయచేసి ఆపండని బతిమాలుతున్నాడు. సద్దాం కల్మా చదివాడు. రెండోసారి చదువుతుండగా, పూర్తి కాకుండానే కాళ్ళ కింద తలుపు తెరుచుకుంది. ఆ చిత్రం చూశాక సద్దాం నా దృష్టిలో నియంత కాకుండా పోయాడు. కల్మా మధ్యలో చంపబడ్డ ముస్లిం అయ్యాడు. ఒక్క తాడుతో అతని ఇరవైనాలుగేళ్ళ ఏలుబడి తుడుచుకుపోయింది. అతనికి అంతకంటే మేలు ఆ తలారులు చేయగలిగి వుండేవారు కాదు!

కడప జిల్లాలోని మా ఊరికి చేరాను. జనవరి 1న ఈద్గా బయట ఎవరో నల్ల బ్యాడ్జీలు పంచుతున్నారు. నేనొకటి పెట్టుకుని, ఇంకొకటి తెచ్చి మా మామూకు ఇచ్చాను. మామూ దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు చూసి నా జేబులోనే పెట్టేశాడు.

"చనిపోయినోణ్ణి నేను తిట్టను బేటా. వాడి లెక్క వాడు అల్లాకు చెప్పుకుంటాడు. నా చొక్కాకు మాత్రం ఈ గుడ్డముక్క వద్దు" అన్నాడు.

మా మామూ 1990లో కువైట్‌లో డ్రైవరు. మా జిల్లా నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ అప్పటికే ఎందరో అక్కడ పనికి వెళ్ళివున్నారు. ఆ ఏడు ఆగస్టు 2న సద్దాం సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. కువైట్ దీనారు చెల్లలేదు, సేటు పారిపోయాడు, జీతం ఇచ్చే నాథుడు లేడు. మామూ ఇరాక్ గుండా జోర్డాను సరిహద్దు చేరి, ఎడారి గుడారాల్లో నీళ్ళ కోసం క్యూల్లో నిలబడి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయిలో దిగాడు. అలా ప్రభుత్వం తరలించిన భారతీయులు సుమారు లక్షా డెబ్బై వేలమంది. మామూ ఇంటికి తెచ్చింది ఒక చేతిసంచి. ఇదంతా నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన కథే. అయినా "మేమంతా" అన్నప్పుడు మామూ నాకు గుర్తు రాలేదు.

సెలవులయ్యాక హాస్టలుకు తిరిగొచ్చాను. మా బ్యాచిలో హైదరాబాదు దారుల్‌షిఫా నుంచి వచ్చే షియా మిత్రుడొకడు వుండేవాడు. ఆ రోజుల్లో మేమిద్దరం ఈ విషయం ఎత్తకుండా తప్పించుకు తిరిగేవాళ్ళం. చివరికి ఓ రాత్రి అతనే కదిపాడు. "1980లో సద్దాం మా ఆయతుల్లా బాకర్ సద్ర్‌నూ, ఆయన చెల్లెలు బింతుల్ హుదానూ చంపించాడు. మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు, నిజం చెబుతున్నా. కాని ఆ సెల్‌ఫోన్ అరుపులు వినగానే మా అబ్బా టీవీ కట్టేశాడు. మౌలా అలీ మనకు నేర్పింది ఇది కాదు అన్నాడు."

ఆయన చెప్పిన ఆ సంగతి చాలామందికి తెలియదు గనుక ఇక్కడ చెప్పాలి. క్రీ.శ. 661లో, బాగ్దాదుకు దక్షిణాన వున్న కూఫా మసీదులో, ఫజర్ నమాజు వేళ హజ్రత్ అలీని ఇబ్నె ముల్జమ్ అనేవాడు విషం పూసిన కత్తితో కొట్టాడు. హంతకుడు దొరికాడు. అలీ మరణశయ్య మీద వుండి కొడుకులకు చెప్పిన మాటలు చరిత్రకారులు రాసిపెట్టారు. ఖైదీకి తిండి పెట్టండి, నీళ్ళివ్వండి, బాధించకండి. నేను బతికితే అతని సంగతి నేను చూసుకుంటాను. చనిపోతే ఒక దెబ్బకు ఒక దెబ్బే, అంతకు మించి వద్దు. శవాన్ని ఛిద్రం చేయవద్దు. ఈ భావం వచ్చేట్టుగా ఆయన ఆదేశించాడు. ఇది జరిగింది ఇరాక్ నేల మీదనే. ఆ అలీ పేరు చెప్పుకునేవాళ్ళే 1345 ఏళ్ళ తరవాత ఒక ఖైదీ మెడకు తాడు వేసి ఎగతాళి చేశారు.

ఉరితీసిన చోటి పేరు కూడా ఆలోచించదగ్గదే. ఆ పేట పేరు కాజిమియా. షియాల ఏడో ఇమాం మూసా అల్ కాజిమ్ సమాధి వుండటం వల్ల ఆ పేరొచ్చింది. ఆయన ఖలీఫా హారూన్ అల్ రషీద్ ఖైదులో 799లో కన్నుమూశాడు. కాజిమ్ అంటే కోపాన్ని దిగమింగినవాడని అర్థం! దౌర్జన్యానికి బలై జైల్లో చనిపోయిన మహనీయుడి పేరున్న పేటలో, దౌర్జన్యం చేసినవాణ్ణి శిక్షించేటప్పుడు కోపం దిగమింగుకోగలిగినవాళ్ళు ఆ గదిలో ఒకరో ఇద్దరో తప్ప లేకపోయారు.

అయితే నా "మేమంతా"ను పూర్తిగా కూల్చినవాడు మూడో మనిషి. అతన్ని కలవడానికి మరో నాలుగైదేళ్ళు పట్టింది. నేను రీసెర్చి చేస్తున్న రోజుల్లో మన విశ్వవిద్యాలయాలకు ఇరాక్ విద్యార్థులు చాలామంది రావడం మొదలైంది. వాళ్ళలో సులైమానియా నుంచి వచ్చిన కుర్దు యువకుడొకడు నాకు స్నేహితుడయ్యాడు. ఒక సాయంత్రం ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ, మా నల్ల బ్యాడ్జీల సంగతి గొప్పగా చెప్పాను. అతనికి సంతోషం కలుగుతుందనుకున్నాను. అతను కప్పు కిందపెట్టి, "ఎవరి కోసం పెట్టుకున్నావు భాయ్?" అని అడిగాడు.

జవాబు చెప్పబోయాను. అతనాపాడు. "మేమూ సున్నీలమే. మేమూ అదే నమాజు చదువుతాం. 1988లో మా పిన్నిని, ఆమె పిల్లల్ని ట్రక్కుల్లో ఎక్కించుకుపోయారు. తిరిగి రాలేదు. హలబ్జాలో విషవాయువుతో ఒక్కరోజులో అయిదు వేలమంది పోయారు. ఆ రోజు మీ ఊళ్ళో ఎవరైనా నల్ల బ్యాడ్జీ పెట్టుకున్నారా?"

నాకు నోట మాట రాలేదు. కాస్సేపాగి, బెరుగ్గా అడిగాను, అతన్ని ఉరితీసినప్పుడు మీ ఇంట్లో పండుగ చేసుకున్నారా అని. "లేదు. అమ్మ ఏమీ తినలేదు. మా చెల్లెలు ఎక్కడుందో ఇక అతన్ని అడిగేదెవరు అంది."

ఆ తల్లి మాట ముందు నా రాజకీయాలన్నీ వెలవెలబోయాయి. ఆ తరవాతే ఈ కేసుల గురించి శ్రద్ధగా చదివాను. సద్దాంకు ఉరిశిక్ష పడింది దుజైల్ కేసులో. బాగ్దాదుకు ఉత్తరాన వున్న ఆ షియా పట్టణంలో 1982 జూలై 8న అతని వాహనాల మీద కాల్పులు జరిగితే, ప్రతీకారంగా 148 మందిని చంపించాడు. వాళ్ళలో మీసాలు రాని పిల్లలూ వున్నారు. వందల కుటుంబాలను ఎడారికి తోలారు, తోటలు నరికించారు. దీనికి శిక్ష పడవలసిందే, ఎవరూ కాదనరు. కాని కుర్దుల మీద 1988లో జరిగిన "అన్‌ఫాల్" మారణకాండ కేసు అప్పటికింకా నడుస్తున్నది. 2006 ఆగస్టు 21న మొదలైంది. మృతులు యాభై వేల నుంచి లక్ష దాకా వుంటారని మానవహక్కుల సంస్థల అంచనా. లక్షా ఎనభై రెండు వేలని కుర్దులంటారు. ఊళ్ళకు ఊళ్ళు నేలమట్టమైన కేసు అది. సాక్షులు వచ్చి చెబుతూనే వున్నారు.

ముద్దాయిని ఉరితీసేశారు!

2007 జనవరి 8న కోర్టు మళ్ళీ కూర్చుంది. సద్దాం కూర్చునే కుర్చీ ఖాళీ. అతని మీది అభియోగాలు ఎత్తివేస్తున్నామని న్యాయమూర్తి ప్రకటించాడు. ఆ రోజే విషవాయువు వాడకం గురించి అతని గొంతు వున్న టేపులు కోర్టులో వినిపించారు. గొంతు వుంది, మనిషి లేడు. "ఈ గొంతు నీదేనా?" అని అడగడానికి ఎదురుగా ఎవరూ లేరు. అతని పినతండ్రి కొడుకు అలీ హసన్ అల్ మజీద్‌కు తరవాత శిక్ష పడింది, 2010 జనవరిలో ఉరితీశారు కూడా. కాని ఆజ్ఞ ఇచ్చినవాడి నుంచి జవాబు రాబట్టే అవకాశం ఆ శనివారం ఉదయంతోనే పోయింది. 148 మంది కోసం తీసిన ఉరి, లక్షమంది ఫిర్యాదును మూసేసింది. హలబ్జాకు, 1991 తిరుగుబాటులో చచ్చినవాళ్ళకు, ఇరాన్ సరిహద్దులో మట్టిలో కలిసిన రెండు దేశాల కుర్రాళ్ళకు, కువైట్‌కు అతని చేత జవాబు చెప్పించే రోజు ఇక రాదు.

ఇక ధర్మం మాట. నేను ఆలిమ్‌ను కాను, ఫత్వాలిచ్చే అర్హత నాకు లేదు. కాని మదర్సాలో చదువుకున్న పిల్లవాడికి కూడా తెలిసిన విషయం ఒకటుంది. హత్య విషయంలో ఇస్లాం ఖిసాస్‌ను, అంటే సమాన ప్రతీకారాన్ని ఒప్పుకుంటుంది. ఆ హక్కు చచ్చినవాడి వారసులది. ప్రతీకారం కోరవచ్చు, రక్తధనం తీసుకోవచ్చు, క్షమించనూ వచ్చు. క్షమించడాన్నే ఖురాన్ మెచ్చుకున్నది. అంటే తీర్పులో బాధితుడికి చోటుంది. బాగ్దాదు ట్రిబ్యునల్ చట్టంలో ఆ చోటు లేదు. దేశాధ్యక్షుడితో సహా ఎవరూ క్షమాభిక్ష పెట్టరాదు, శిక్ష తగ్గించరాదు అని రాసిపెట్టుకున్నారు. మరణశిక్షకు వ్యతిరేకి అయిన నాటి అధ్యక్షుడు జలాల్ తాలబానీ, ఆయనా కుర్దే, సంతకం పెట్టలేదు. ప్రధాని నూరీ అల్ మాలికీ పెట్టాడు. సులైమానియాలోని ఆ తల్లిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

బక్రీదు నాడు ఖుర్బానీ ఇచ్చేటప్పుడు కత్తి పదునుగా వుండాలని, ఒక జంతువు చూస్తుండగా ఇంకొక జంతువును కోయరాదని, దాన్ని బెదరగొట్టరాదని ప్రవక్త బోధించారు. పొట్టేలుకు ఇచ్చే మర్యాద మనిషికి అక్కర్లేదా? మక్కాను జయించిన రోజున, తనను ఊరి నుంచి వెళ్ళగొట్టినవాళ్ళు తలలు వంచుకుని నిలబడితే, ప్రవక్త వాళ్ళను వదిలేశారు. తన పినతండ్రి హంజాను చంపిన వహ్‌షీ కూడా క్షమాపణ పొందాడు. సద్దాంను వదిలెయ్యమని నేననడం లేదు. బతికుంచి, కుర్చీలో కూర్చోబెట్టి, సాక్షుల కళ్ళలోకి చూడమని వుండవలసింది అంటున్నాను.

ఇదంతా చదివి, "నియంతను వెనకేసుకొస్తున్నావు" అనేవాళ్ళుంటారు. అయ్యా, అతను మతాన్ని వాడుకున్న తీరు చూస్తే నాకే ఒళ్ళు మండుతుంది. అతని బాత్ పార్టీ లౌకిక పార్టీ. మతపెద్దలను జైళ్ళలో కుక్కిన పార్టీ. కువైట్‌లో ఇరుక్కుపోయి యుద్ధం ముంచుకొచ్చాక, 1991లో, జెండా మీద "అల్లాహు అక్బర్" రాయించాడు. కుర్దులను చంపే పథకానికి పెట్టిన "అన్‌ఫాల్" అన్నది ఖురాన్‌లోని ఎనిమిదో సూరా పేరు. ముస్లింలను చంపడానికి ఖురాన్‌లోంచి పేరు! దీన్ని చూసి బాధపడనివాడు ఉరికంబం మీది కల్మా విని మాత్రమే బాధపడితే, ఆ బాధలో ఏదో లోపముంది. ఆ లోపం నాలో వుండేది.

"అయితే అమెరికా మాటేమిటి?" అని అడిగేవాళ్ళూ వుంటారు. అమెరికా దురాక్రమణ దురాక్రమణే. సద్దాం చెడ్డవాడైనంత మాత్రాన అది ఒప్పైపోదు. అలాగే అమెరికా చెడ్డదైనంత మాత్రాన సద్దాం షహీద్ కాడు. ఈ రెండు మాటలూ ఒకే నోటితో అనడం నేర్చుకోవాలి. ఆనాడు ప్రభుత్వాలకు కూడా అది చేతకాలేదు. ఇరాన్, కువైట్ హర్షించాయి. సౌదీ అరేబియా పండుగ పూట ఏమిటిదని విసుక్కుంది. మన ప్రభుత్వం విచారం ప్రకటించింది. లిబియాలో గద్దాఫీ మూడు రోజులు సంతాపదినాలు ప్రకటించాడు. 2008లో డమాస్కస్ అరబ్ శిఖరాగ్ర సభలో, రేపు మనలో ఎవరి వంతైనా రావచ్చునని హెచ్చరించాడు కూడా. 2011 అక్టోబరు 20న అతన్ని తిరుగుబాటుదారులు పట్టుకుని చంపారు, కోర్టు మొహం చూడనే లేదు. ఆ సభ జరిగిన డమాస్కస్‌ను ఏలిన అసద్ 2024 డిసెంబరులో మాస్కో పారిపోయాడు. ఒకరిని తొందరపడి ఉరితీశారు, ఒకరిని వీధిలో చంపారు, ఒకరు విమానమెక్కారు. మూడుచోట్లా పిల్లల ఫోటోలు పట్టుకుని నిలబడ్డ తల్లుల ఎదుట వున్నది ఖాళీ కుర్చీయే.

విద్యార్థి మిత్రులారా! రేపు మరో దేశంలో మరో నియంత పడిపోతాడు. మీ పక్కనున్న స్నేహితుడు మిమ్మల్ని అడుగుతాడు, "మీవాళ్ళు ఏమంటున్నారు?" అని. మీరు ముస్లింలు కావచ్చు, హిందువులు కావచ్చు, ఎవరైనా కావచ్చు. తొందరపడి "మేమంతా" అనకండి. నేనన్న "మేమంతా"లో మా మామూ లేడు, దారుల్‌షిఫా మిత్రుడు లేడు, సులైమానియాలో అన్నం మానేసి కూర్చున్న తల్లి లేదు. ముస్లింల దృక్పథం అంటూ ఒకటుంటే, అది ముందుగా ఆ తల్లి పక్కన కూర్చోవడంతో మొదలు కావాలని ఇప్పుడు నా నమ్మకం.

ఆనాడు నన్ను అడిగిన మిత్రుడు ఇప్పుడు వేరే ఊళ్ళో మంచి ఉద్యోగంలో వున్నాడు. ఈ సంచిక అతనికి తప్పక చేరుతుంది. ఒరేయ్, ఆ రోజు నీకు తప్పు జవాబు చెప్పాను. వీలు చూసుకుని రా. చాయ్ తాగుతూ మళ్ళీ మొదటి నుంచి మాట్లాడుకుందాం.